లాగిన చెయ్యి

జనవరి 6

"సోమవారానికల్లా ఎర్త్ తీగ వేయిస్తాను మాస్టారూ, మీ మీద ఒట్టు" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. ఆ సోమవారం ఇంతవరకూ రాలేదు. ఇక రాదు కూడా. అన్నవాడు నిన్న పోయాడు. నిద్రలో పోయాడట. అలాంటివాళ్ళు అలాగే పోతారు, వైద్యులకి కూడా శ్రమ ఇవ్వకుండా.

నవ్వులాయన అనేవాళ్ళు ఆ ప్రెస్సు ఓనర్ని. ప్లాస్టిక్ కవర్ల మీద రంగులు అచ్చువేసే ప్రెస్సు. నా కొడుకు అందులో ఇంకు కలిపేవాడు. ఫిజిక్స్ లెక్చరరు కొడుకు, ఇంకు కలిపేవాడు. ఆ ముచ్చట చూద్దామనే ఒకరోజు వెళ్ళాను. షెడ్డు మధ్యలో స్టీలు బల్ల, దాని కాళ్ళకి రబ్బరు తొడుగులు, బల్ల మీద ఇంకు మరకలు పడకుండా పరిచిన ప్లాస్టిక్ షీటు, చుట్టూ మూతల్లేని డబ్బాల్లో ఇంకు పల్చబరిచే థిన్నర్. బల్ల అంచు మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది.

"మా బల్ల మీకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది మాస్టారూ" అని నవ్వాడు.

రబ్బరు కాళ్ళున్న బల్ల మీద పుట్టిన ఛార్జి భూమిలోకి పోలేదని, అది అక్కడే కూర్చుని దారి కోసం చూస్తుందని, గాలి పొడిగా ఉన్న రోజున థిన్నర్ ఆవిరికి అలాంటి రవ్వ ఒక్కటి చాలని, మూరెడు రాగి తీగ వేస్తే పీడ పోతుందని చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. ఒట్టు పెట్టాడు. నేను వచ్చేశాను.

వచ్చేటప్పుడు నా కొడుకు ఇంకు తొట్టి దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నాడు. వాడితో అప్పటికి నాకు మాటల్లేవు. తీగ వేయించాల్సింది ఓనరు. ఓనరుకి చెప్పాను.

మూడో వారంలో బల్ల అంటుకుంది.

జనవరి 7

పేపర్లో ఫోటో వేశారు. అందులోనూ నవ్వుతున్నాడు.

జనవరి 9

కోడలికి చెప్పాను. "అమ్మాయ్, నవ్వులాయన పోయాడు."

పొయ్యి మంట తగ్గించింది. "అలాగా మామయ్యగారూ" అంది. కప్పు చేతికిచ్చి, "మీ టీలో చక్కెర వేశానా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

ఈ ఇంట్లో ముగ్గురం. నేను, కోడలు, మనవరాలు పిడుగు. ఆ పేరు నేను పెట్టిందే. అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంది, అక్కడే ఉంటుంది. కోడలు మందుల షాపులో కౌంటరు చూస్తుంది. ఆమె కుడిచేతి రెండు వేళ్ళు ఆ మంటలో కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. షాపులో ఎవరికి మందిచ్చినా ఎడమచేత్తోనే ఇస్తుందట. కొందరు ఏదో అంటారు, పడుతుంది. నాకు మాత్రం పొద్దున్న బీపీ బిళ్ళ కుడిచేత్తో ఇస్తుంది. రోజూ ఆ చెయ్యి నా మొహం ముందుకొస్తుంది. రోజూ బిళ్ళ తీసుకుంటాను.

మనిషి మంచిదే. కొంచెం పిసినారి. ఫ్రిజ్ కొని ఆరేళ్ళయింది, తలుపు మీద కంపెనీవాళ్ళు అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. పసుపురంగుకి తిరిగి, అంచులు లేచి, మసి పట్టింది. "పీకి పారెయ్యమ్మా, ఫ్రిజ్‌కి చర్మరోగం వచ్చినట్టుంది" అన్నాను ఒకసారి. "ఉండనివ్వండి మామయ్యగారూ, గీతలు పడవు" అంది. టీవీ రిమోటూ అంతే, ప్లాస్టిక్ సంచిలోంచి బయటికి రాలేదు.

పిడుగుకి పదిహేడు నిండాయి. వచ్చే నెల ఎంట్రన్స్ పరీక్ష. తండ్రి ఫోటో తన బల్ల మీద పెట్టుకోదు. ఎందుకని ఒకసారి అడిగితే, "ఆ రోజు ఆయన సిగరెట్ వెలిగించుకోకపోతే నాకూ నాన్న ఉండేవాడు. అంతమాత్రం ఆగలేకపోయాడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది" అంది. బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినంత మామూలుగా అంది.

నా కొడుకు జన్మలో సిగరెట్ ముట్టలేదు. పక్కన ఎవరైనా వెలిగిస్తే దగ్గేవాడు.

జనవరి 10

నవ్వులాయన మీద ఇన్నాళ్ళూ పెంచిన కోపాన్ని ఇప్పుడు ఎక్కడ దించాలో తెలియడం లేదు. మనిషి లేడు, బరువు మాత్రం అంతే ఉంది.

జనవరి 13

పిడుగు పుస్తకం పట్టుకుని వచ్చింది.

"తాతయ్యా, ఖాళీయేనా?"

"చచ్చేదాకా ఖాళీయే. చెప్పు."

"రెండు లోహపు పలకలు. ఒకదాని మీద ధనావేశం, ఇంకోదాని మీద ఋణావేశం. బ్యాటరీ పీకేశారు. తర్వాత పలకల్ని దూరం జరిపారు. దూరం రెట్టింపు చేస్తే లోపలున్న శక్తి కూడా రెట్టింపయిందట. ఛార్జేమో అంతే ఉంది, బ్యాటరీ ఏమో లేదు. మరి ఆ ఎక్కువ శక్తి ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. ఏటా దీనికోసమే ఎదురుచూసేవాణ్ణి. ధనానికి ఋణం కావాలి, ఋణానికి ధనం కావాలి. ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఎవరో పట్టుకుని, ఆ ఆకర్షణకి ఎదురుగా లాగాలి. ఆ లాగడంలో చెయ్యి చేసిన పని ఎక్కడికీ పోదు, చిటికెడు కూడా పోదు. వదిలేస్తే అవి ఒకదానివైపు ఒకటి పరుగెత్తుతాయి, చేసిన పనంతా ఆ పరుగులో తిరిగొస్తుంది. వదలకపోతే కాచుకుని ఉంటుంది. ఎక్కడైనా సందు దొరికితే రవ్వై దూకుతుంది. కొత్తగా ఏదీ పుట్టదు. ఆ రవ్వలో ఉన్నది లాగిన చెయ్యి ఇచ్చిందే.

వంటింట్లో కోడలు కూరగాయలు తరుగుతోంది. పిడుగు ప్రశ్న పూర్తయ్యేసరికి కత్తి చప్పుడు ఆగింది.

"ముందునుంచీ అందులోనే ఉందమ్మా" అన్నాను. "దగ్గరగా ఉన్నప్పుడు బయటికి కనపడదు. దూరం జరిపితే కనపడుతుంది, అంతే."

"మరి జరిపినవాళ్ళు ఏమీ ఇవ్వరా?"

"వాళ్ళకేం సంబంధం? చెయ్యి ఉత్త సాక్షి."

"గట్టిగా చెప్తున్నావా?"

"నాకంటే గట్టిగా చెప్పేవాళ్ళు దొరికితే వాళ్ళనే అడుగు."

రాసుకుంది. కత్తి మళ్ళీ మొదలైంది.

జనవరి 14

తప్పు చెప్పాను. తెలిసే చెప్పాను. నలభై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

జనవరి 15

మొదటిసారి కాదు.

ఆ ఏడు విచారణ జరిగినప్పుడు సాక్ష్యం చెప్తానని నా అంతట నేనే వెళ్ళాను. పెద్ద కాగితం మీద బొమ్మ గీసుకుని మరీ వెళ్ళాను. బల్ల, రబ్బరు కాళ్ళు, షీటు, థిన్నర్ డబ్బా. ప్రెస్సువాళ్ళ వాదన సిగరెట్. కాలిన షెడ్డులో కాలకుండా మిగిలిన సిగరెట్ పీక ఒకటి చూపించారు. కాంక్రీటు పగిలిన చోట కాగితపు పీక మిగిలిందట! నేను పరీక్షల్లో ఎన్నో అబద్ధాలు దిద్దాను, ఇంత బద్ధకపు అబద్ధం చూడలేదు. ఒక్క పావుగంటలో దాన్ని చించి పోగులు పెడతాననుకున్నాను.

నవ్వులాయన తరఫున ఒక లాయరు లేచాడు. మాట మాటకీ తుమ్మేవాడు.

"మాస్టారూ, సిగరెట్ కాదు, బల్ల మీంచి వచ్చిన రవ్వ అంటారు. సరే. శక్తి ఊరికే పుట్టదని మీరే పిల్లలకి చెప్తారు కదా?"

"చెప్తాను."

"ఆ రవ్వకి శక్తి ఎవరిచ్చారు?"

"బల్లకి ఎర్త్ తీగ లేదు" అన్నాను.

"తీగ లేకపోతే రవ్వకి దారి దొరికింది. ఒప్పుకుంటాను. కానీ లేని తీగ శక్తినివ్వదు కదా? షీటు దానంతట అది లేవదు కదా? ఎవరో తుడిచారు, ఎవరో లాగారు. ఆ చేతులెవరివో తమరికి తెలుసు కదా?"

ఎవడో బాగా చదువుకున్నవాడు చెప్పి పంపిన ప్రశ్న. నా శిష్యుడే అయ్యుంటాడు.

ఎదురు బెంచీ మీద కోడలు కూర్చుని ఉంది. చేతికి కట్టు. కడుపుతో మూడో నెల. ప్రెస్సులో మిగతా ఆడవాళ్ళు మరకలు పడ్డ షీటుని చుట్టి పారేసేవాళ్ళు. ఈమె పొడిగుడ్డతో రుద్ది తుడిచి, ఒలిచి, మడిచి, మర్నాడు మళ్ళీ పరిచేది. అంత శుభ్రం. రుద్దితే షీటు మీద ఒక ఛార్జి, కింద బల్ల మీద దానికి ఎదురు ఛార్జి. అతుక్కుని ఉన్నంతసేపు రెండూ నోరు మూసుకుంటాయి. ఒలిస్తే అప్పుడు మొదలవుతుంది. ఇదంతా ఆ గదిలో నాకొక్కడికే తెలుసుననుకున్నాను.

నిజం చెప్తే నా కొడుకు పేరు నిలబడుతుంది. కోడలి పేరు పోతుంది. 'కార్మికురాలి అజాగ్రత్త' అని రాసి దులుపుకుంటారు. పుట్టబోయే బిడ్డకి తండ్రిని చంపిన తల్లి మిగులుతుంది.

"చెప్పలేను" అన్నాను.

"సిగరెట్ కాదని చెప్పగలరా?"

"చెప్పలేను."

సిగరెట్ అని రాశారు. కాలేజీలో నా పేరు మారిపోయింది. బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీల్లోంచి వినిపించేది: చెప్పలేను మాస్టారు. రిటైరయ్యేదాకా అదే పేరు. వీడ్కోలు సభలో ప్రిన్సిపాల్ని నా గురించి రెండు మాటలు చెప్పమంటే లేచి "చెప్పలేను" అని కూర్చున్నాడు. మూడొందల మంది నవ్వారు. ఆ ప్రిన్సిపాలుకి తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని విన్నాను. చూడ్డానికి వెళ్ళలేదు.

ఇదంతా ఎవరికోసం భరించానో ఆమెకి తెలియదు. తెలియనివ్వలేదు.

జనవరి 18

"తాతయ్యా, క్లాసులో నా పరువు తీశావు" అంటూ వచ్చింది పిడుగు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏం చేశానే?"

"చెయ్యి ఉత్త సాక్షి అని చెప్పాను. అందరూ నవ్వారు. సార్ అయితే, 'ఎవరు చెప్పారమ్మా?' అన్నారు. మా తాతయ్య అన్నాను. 'ఓహో, చెప్పలేను మాస్టారి మనవరాలివా!' అన్నారు. ఏంటా పేరు?"

"పాత జోకు."

"బాగా ముసలాడివైపోయావు తాతయ్యా. ఇవాళ శక్తి నిత్యత్వం మర్చిపోయావు, రేపు నా పేరు మర్చిపోతావు. ఇటు చూడు, నేను చెప్తా."

రెండు అరచేతులూ కలిపి నా ముక్కు ముందు పట్టుకుంది. "ఇవి రెండు పలకలు. అతుక్కోవాలని చూస్తున్నాయి. నేను విడదీస్తున్నా. చూడు, కష్టంగా ఉన్నట్టు." పళ్ళు బిగించి నెమ్మదిగా విడదీసింది. "ఈ కష్టమే ఆ శక్తి. చెయ్యిదే మొత్తం. అర్థమైందా, మొద్దూ?"

"అర్థమైంది" అన్నాను.

గుమ్మంలో కోడలు ఆరిన బట్టలు ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్ల చేతుల వైపు చూడటం లేదు. నన్ను చూస్తోంది.

జనవరి 19

నా కొడుకు ఆ ప్రెస్సులో చేరడానికి కారణం కూడా ఆమే. ఎక్కడా రాసుకోని సంగతి. ఇక్కడ రాస్తే ఎవరికి నష్టం?

డిగ్రీ చదివే రోజుల్లో మా వీధి చివర ప్రెస్సుకి వెళ్ళే అమ్మాయిని చూశాడు. నాకు తెలిసింది. గొడవ చేయలేదు, అరవలేదు, చదువుకున్నవాణ్ణి. పన్నెండు గంటల రైలు ప్రయాణం దూరంలో హాస్టల్లో పడేశాను. రెండేళ్ళు. సెలవులకి కూడా రానివ్వలేదు. వాడి ఉత్తరాలు ఆమెకి చేరకుండా, ఆమె కబుర్లు వాడికి చేరకుండా నేను పడ్డ తిప్పలు ఏ ప్రయోగశాలలోనూ పడలేదు. దూరం పెరిగితే ఆకర్షణ తగ్గుతుందన్నది నియమం. దూరం రెట్టింపైతే నాలుగో వంతు.

రెండేళ్ళ తర్వాత నా చేతిలోంచి జారాడు. రైలు దిగి ఇంటికి రాలేదు, నేరుగా ఆమె ఇంటికి వెళ్ళాడు. వారం తిరక్కుండా పెళ్ళి. పట్టా కూడా తీసుకోలేదు. ఆమె పనిచేసే చోటే ఇంకు డబ్బాలు మోయడానికి చేరాడు. వదిలేస్తే మామూలుగా నడిచి వెళ్ళేవాడేమో. అంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చింది వాడికి?

ఈ లెక్క మనుషులకి వర్తించదు. మనుషులు పలకలు కారు. ఇక్కడితో ఆపుతున్నాను.

జనవరి 22

ఇవాళ ఆమెకి సెలవు. పిడుగు క్లాసుకెళ్ళింది. కోడలు వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మామూలుగా నిలబడే మాట్లాడుతుంది.

"మామయ్యగారూ, పిల్లకి తప్పెందుకు చెప్పారు?"

"వయసమ్మా."

"ముప్ఫై ఏళ్ళ కిందట మీ దగ్గర ఫెయిలైనవాళ్ళ మార్కులు కూడా మీకు గుర్తే."

కళ్ళజోడు తుడుచుకున్నాను.

"నేను వింటున్నానని చెప్పారు. అవునా?"

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాను.

"ఆ రోజు షీటు బరువుగా ఉంది" అంది. కూర ఎలా వండిందో చెప్తున్నట్టు చెప్పింది. "రోజూ లాగేదే. ఆ రోజు బల్లని పట్టుకుని వదల్లేదు. రెండు చేతులతో లాగాను. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆయన అటువైపు నుంచి థిన్నర్ డబ్బా పట్టుకుని వస్తున్నారు. ఆగండి అందామనుకున్నా. కాస్త అంచు మిగిలింది, అది ఊడాక అందామనుకున్నా. ఊడింది."

"నీకు... ఇది నీకెప్పుడు తెలుసు?"

"ఎప్పుడేంటి మామయ్యగారూ? లాగింది నేను."

"మరి సిగరెట్ అని రాసినప్పుడు?"

"ఆయన సిగరెట్ తాగరని నాకు తెలియదా? నేను ఆయన భార్యని."

"తెలిసి ఊరుకున్నావా?"

"అంత చదువుకున్న మీరు లేచి చెప్పలేనన్నారు. మీరే చెప్పలేనిది నేను చెప్పాలా? కడుపులో ఇది ఉంది. పుట్టాక నా చేత్తో పెడితేనే తినాలి. ఇంకెవరున్నారు దానికి?"

"నీకోసమే అన్నానమ్మా ఆ మాట."

"తెలుసు. నేను అడగలేదు."

ఫ్రిజ్ మోత మొదలైంది. ఆమె దాని వైపు తల తిప్పింది. "అది కూడా అందుకే. కొత్త వస్తువు మీద పొర ఒలవాలంటే నా వల్ల కాదు. పిసినారిదాన్ననుకున్నారు కదా?"

"అనుకోలేదు."

"అన్నారు కూడా. చర్మరోగం అని." నవ్వింది. పొడిగా, ఒక్కసారి. తర్వాత అంది: "ఒకటి అడుగుతాను. ఆ మంటకి ముందు ఒకసారి మీరు ప్రెస్సుకొచ్చారు. ఓనరుతో మాట్లాడి వెళ్ళిపోయారు. ఆయన ఆ రోజంతా అదే తలుచుకున్నారు, నాన్న అంత దూరం వచ్చి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదని. ఏం మాట్లాడారు ఓనరుతో?"

"బల్ల సంగతి. ప్రమాదమని, తీగ వేయించమని."

"మాకు చెప్పలేదే!"

"ఓనరుకి చెప్పాను."

నా మొహం వైపే చూస్తూ చాలాసేపు కూర్చుంది. చీర చెంగు సర్దుకుని లేచింది.

"పరీక్ష అవనివ్వండి. పిల్లకి నేనే చెప్తాను. వాళ్ళ నాన్నని అది అలా అంటుంటే వినలేకపోతున్నాను. మీ మీద ఒట్టు."

"నా మీద పెట్టిన ఒట్లు నిలిచిన చరిత్ర లేదమ్మాయ్" అన్నాను.

జనవరి 23

నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. పద్దెనిమిదేళ్ళు. ఆమెకి తెలుసు! నేను దాచాననుకున్నది ఆమె చేతిలోనే ఉంది. నా కొడుకు పేరుని నేను ఆమెకోసం వదులుకున్నాను, మంచిదే, అది నా ఉదారత. ఆమె తీసుకుని మడిచి దాచుకుంది. పిల్ల వాడి ఫోటో వద్దన్నప్పుడల్లా చూస్తూ ఊరుకుంది.

చెయ్యి తప్పు కాదు. షీటు అతుక్కుంటుందని ఆమెకేం తెలుసు, ఆమెకెవరు చెప్పారు? అక్కడ నాకు పట్టింపు లేదు.

నోరు సంగతి వేరు.

జనవరి 30

లోకంలోని గొప్ప విషాద నాటకాలు చాలా చదివాను. అన్నిట్లోనూ చివరి అంకంలో ఎవరో ఒకరు నోరు తెరిచి నిజం చెప్తారు. రాసినవాళ్ళెవరూ రెండు గదుల ఇంట్లో కాపురం చేసినట్టు లేదు.

ఫిబ్రవరి 16

పరీక్ష అయింది. పలకల లెక్క వచ్చిందట. "నువ్వు చెప్పినట్టు రాయలేదులే, భయపడకు" అంది పిడుగు.

ఫిబ్రవరి 17

చెప్పలేదు.

ఫిబ్రవరి 18

చెప్పలేదు. దుప్పట్లు ఉతికింది.

ఫిబ్రవరి 21

చెప్పలేదు. తల్లీకూతుళ్ళు కలిసి బయటికెళ్ళి చెప్పులు కొనుక్కొచ్చారు. నవ్వుకుంటూ వచ్చారు. దారిలో చెప్పి ఉంటుందేమో అని ఇద్దరి మొహాలూ చూశాను. చెప్పినవాళ్ళ మొహాలు కావు.

ఫిబ్రవరి 24

లేదు.

ఫిబ్రవరి 27

నేనే చెప్పేయొచ్చు. కానీ ఒట్టు పెట్టింది ఆమె.

మార్చి 2

పిడుగు నిద్రపోయాక రాస్తున్నాను.

పొద్దున్న పిడుగుకి ఇల్లు సర్దే పిచ్చి పట్టింది. పరీక్షలైన పిల్లలకి వచ్చే జబ్బే. అలమరా అయింది, కిటికీలయ్యాయి, ఫ్రిజ్ ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఇవాళ దీనికి మోక్షం."

"వద్దే, దాన్ని వదిలెయ్" అంది కోడలు పొయ్యి దగ్గర్నుంచి. వెళ్ళి అడ్డుకోలేదు. నిలబడిన చోటే నిలబడిపోయింది.

పిల్ల పైమూల గోరు దూర్చి పట్టుకుని లాగింది. చిటపటమని చప్పుడు, ఆ మూలనుంచి ఈ మూలదాకా. ఊడిన పొర గాల్లో మెలితిరిగి పిల్ల మోచేతికి అతుక్కుంది. విదిలించింది. వదల్లేదు.

"అమ్మా, చూడు చూడు, వదలట్లేదు! లాగుతుంటే ఎంత బరువుగా ఉందో! తాతయ్యా, విన్నావా ఆ చప్పుడు? అవన్నీ రవ్వలే. చీకట్లో అయితే కనపడతాయట, సార్ చెప్పారు. అన్నీ నా చెయ్యి ఇచ్చినవే. ఇప్పటికైనా ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను" అన్నాను.

కోడలి చేతిలో గరిట ఉంది. ఆ రెండు వేళ్ళూ దాని చుట్టూ బిగుసుకున్నాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, చూడటం లేదు.

పిడుగు ఆ పొరని మోచేతి నుంచి నెమ్మదిగా ఒలుచుకుంటూ ఆగింది. నవ్వు తగ్గింది. ఏదో లెక్క కడుతున్న మొహం. ఆ మొహం నాకు తెలుసు, వాళ్ళ నాన్నది.

"అమ్మా, ప్రెస్సులో కూడా ఇవే కదా షీట్లు? మీరు రోజూ ఇలాగే లాగేవాళ్ళు కదా?"

"ఊఁ" అంది కోడలు.

"రోజూ రవ్వలొచ్చి ఉంటాయి. పక్కనే థిన్నర్."

చెప్పు, అనుకున్నాను. పిల్ల గుమ్మందాకా వచ్చేసింది. తలుపు తీయడమే. ఒక్క మాట. చెప్పవే తల్లీ.

కోడలు నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"అంత ప్రమాదమున్న చోట నిలబడి సిగరెట్ వెలిగించాడా ఆయన!" అంది పిడుగు. "ఫిజిక్స్ మాస్టారి కొడుకు! ఎంత బుద్ధిలేని మనిషమ్మా!" పొరని ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది. అది బుట్ట అంచుకి అతుక్కుని వేలాడింది. కాలితో తొక్కి లోపలికి నెట్టింది.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కోడలు గుడ్డ తీసుకుని గట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడిచింది.

"మీ బిళ్ళ వేసుకోలేదు మామయ్యగారూ" అంది కాసేపటికి. కుడిచెయ్యి నా మొహం ముందుకొచ్చింది. తీసుకున్నాను. వేసుకున్నాను.

నవ్వులాయన పోయాడు, వాడి మీద కోపం పేపర్లో ఫోటోతోపాటే చల్లారింది. తుమ్ముల లాయరు తన పని తను చేశాడు. తీగ ఉత్త రాగి. నా కొడుకు పేరు ఇవాళ రెండోసారి చెత్తబుట్టలో పడుతుంటే, ఆ వంటింట్లో నోరు తెరవాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు.

నా కోడలు.